విమానం ఉన్న చోట కాదు, రిజిస్టరైన చోట వెతకండి

బ్రిటన్‌లోనే ఏళ్లుగా ఉంటున్న ప్రైవేటు విమానం అక్కడి పౌర విమానాల జాబితా అయిన జీ-ఇన్ఫో రిజిస్టర్‌లో ఎందుకు లేదని అడిగారు కదా. మీరిచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ‘ఎన్’తో మొదలైంది. అంటే అది ఎక్కడ నిలిపినా అమెరికా విమానమే. పౌర విమానయానంపై 1944లో కుదిరిన షికాగో అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఒకేసారి రెండు దేశాల్లో రిజిస్ట్రేషన్ కుదరదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడండి, ఉచితమే. (నంబరు ‘ఎం’తో మొదలైతే ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి రిజిస్టర్‌లో, ‘2’తో అయితే గెర్న్‌సీ దీవి రిజిస్టర్‌లో వెతకాలి.)

తిరకాసు ఇక్కడే ఉంది. అమెరికా పౌరులు కానివాళ్లు చాలామంది ట్రస్టు ద్వారా నమోదు చేయిస్తారు. అప్పుడు యజమాని గడిలో ట్రస్టీ పేరే ఉంటుంది, అసలు మనిషి కనిపించడు. అమ్మకం పత్రాలు, తాకట్టు కాగితాలు కావాలంటే ఓక్లహోమా సిటీలోని ఎఫ్ఏఏ రిజిస్ట్రీకి రుసుము కట్టి పూర్తి ఫైలు తెప్పించుకోండి. అన్నట్టు, ఎన్ నంబర్లు ఒక విమానం నుంచి ఇంకోదానికి మారుతుంటాయి. తయారీదారు సీరియల్ నంబరు సరిపోలితేనే నమ్మండి.