ఉమ్మడి పేటెంటుకు ఒప్పుకునే ముందు

ప్రశ్న: రాయగడ దగ్గర మాకు ఇటుకల పరిశ్రమ ఉంది. ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియంల మిశ్రలోహం) తయారీలో మిగిలే చిట్టెంతో ఇటుకలు చేసే పద్ధతిపై భువనేశ్వర్‌లోని ప్రభుత్వ పరిశోధనాలయంతో కలిసి, కేంద్ర గ్రాంటుతో పనిచేయబోతున్నాం. పేటెంటు ఇద్దరి పేరా ఉండాలంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవచ్చు గాని, 1970 నాటి పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే ఇద్దరికీ సమాన వాటా ఉంటుంది, ఎవరికి వారు రెండోవారికి లెక్క చెప్పకుండా ఆ పద్ధతిని వాడుకోవచ్చు, అయితే రెండోవారి సమ్మతి లేనిదే ఇతరులకు లైసెన్సు ఇవ్వలేరు. పరిశోధనాలయం ఇటుకలు అమ్ముకోదు, దానికి రాబడి లైసెన్సుల మీదే. అందుచేత ఆ సమ్మతి ఏయే షరతులపై, ఎన్నేళ్లకు ఇస్తారో పని మొదలుకాకముందే రాసుకోండి. మీరు ఇదివరకే వాడుతున్న మిశ్రమం పాళ్లను తేదీ వేసి ఒప్పందానికి అనుబంధంగా జతచేయండి. లేకుంటే అవి కూడా ఉమ్మడి ఫలితాల్లో కలిసిపోతాయి. శాస్త్రవేత్తలకు వ్యాసం ప్రచురించాలన్న తొందర సహజమే, కానీ పేటెంటు దరఖాస్తు దాఖలు కాకముందు అచ్చయితే, పేటెంటుకు కావలసిన కొత్తదనం పోతుంది. గ్రాంటుతో కొన్న యంత్రాలను మంజూరు చేసిన శాఖ అనుమతి లేకుండా అమ్మకూడదు. చిట్టెం నుంచి విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం నీటిలోకి దిగుతుందా అన్న పరీక్షల ఖర్చు ఎవరిదో కూడా ఒప్పందంలోనే తేల్చుకోండి.