బస్సులో వెనక్కి పంపారు, ఇది వివక్షేనా?

ప్రశ్న: మేము సవర గిరిజనులం. మందస నుంచి పలాస వెళ్లే బస్సులో ముందు సీటులో కూర్చున్న మా చెల్లిని కండక్టర్ "కొండోళ్లు వెనక్కి పోండి" అని లేపి, ఆ సీటు మరొకరికి ఇచ్చారు. ఫిర్యాదు చేయవచ్చా? – ఒక పాఠకుడు, మందస మండలం

జవాబు: చేయవచ్చునండీ. ఆ సీటు వృద్ధులకో, వికలాంగులకో కేటాయించినదైతే లేపడం మాత్రమే వివక్ష అనలేము. కానీ కారణంగా పుట్టుకనే చెప్పారు కనుక, నా దృష్టిలో ఆ మాటే అసలు ఆధారం. దానిని మీ చెల్లెలు విన్నది విన్నట్టుగా, తేదీ, సమయం, బస్సు నంబరుతో సహా ఈ రోజే రాసి, టికెట్టును, విన్న ప్రయాణికుల ఫోన్ నంబర్లను భద్రపరచాలి. షెడ్యూల్డు తెగకు చెందిన వ్యక్తిని, ఆ తెగకు చెందని వారు, పదిమందీ చూస్తుండగా ఉద్దేశపూర్వకంగా అవమానించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (దౌర్జన్యాల) నిరోధక చట్టం కింద నేరం. 2018 సవరణ తరువాత కేసు నమోదుకు ప్రాథమిక విచారణ అవసరం లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. సంఘటన తమ పరిధిలో జరగలేదని స్టేషన్లో చెబితే, పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి, లేదా ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదులకు ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14566కు ఫోన్ చేయండి. డిపో మేనేజరుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆమె భయపడుతుంటే స్టేషనుకు ఒంటరిగా పంపకండి, మీరూ తోడు వెళ్లండి.