ట్యునీషియాకు బయలుదేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు నీ స్నేహితురాలితో కలిసి ఫిబ్రవరిలో పది రోజులు ట్యునీషియా చూడబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పినప్పటినుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. గాబెస్ తీరంలోని ఫాస్ఫారిక్ ఆమ్లం కర్మాగారంలో నేను గడిపిన మూడేళ్ళ కబుర్లు నా ఒళ్ళో కూర్చుని విన్న పిల్లవు, ఇవాళ సొంత సంపాదనతో ఆ దేశానికి వెళ్తున్నావంటే ఎంతో గర్వంగా ఉంది.

వీసా, బీమా సంగతులు నీకు నేను చెప్పనక్కరలేదు. దీనార్లు అక్కడికి వెళ్ళాకే మార్చుకో. వాటిని దేశం దాటించడం నేరం కనుక తిరుగు ప్రయాణానికి మిగలకుండా చూసుకో. దీనారుకు వెయ్యి మిల్లీములు, అందువల్ల ధరల్లో చుక్క తరవాత మూడంకెలు కనిపిస్తాయి. గోధుమ రవ్వతో చేసే కుస్‌కుస్‌ను కూరగాయలదే అని తెచ్చిపెట్టినా అది మాంసం ఉడికిన పులుసుతో చేసినది కావచ్చు, విడిగా అడుగు. హరిస్సా మాత్రం మన ఎండుమిరపకాయల పచ్చడికి దగ్గర చుట్టం, దానితో నీకు అన్నం మీద బెంగ తీరుతుంది.

ట్యూనిస్‌లో బార్దో మ్యూజియంలోని రోమన్ మొజాయిక్‌లకు ఒక పూటంతా కేటాయించు. కార్తేజ్ శిథిలాలు, సిదీ బూ సయీద్ అనే ఊరి నీలం తలుపులు ఒకే రైలు దారిలో ఉన్నాయి. కైరవాన్‌లో 670లో పునాది పడిన పెద్ద మసీదుకు వెళ్ళేటప్పుడు తల కప్పుకోవడానికి చున్నీ దగ్గర ఉంచుకో. ఎల్ జెమ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలవద్దు. చిన్న ఊరి ఇళ్ళ మధ్యనుంచి 35,000 మంది పట్టే రోమన్ల కాలపు క్రీడారంగం ఒక్కసారిగా పైకి లేచి కనబడుతుంది. మృగాలను ఉంచిన నేలమాళిగల్లోకి దిగి నడవవచ్చు. ఊళ్ళ మధ్య తిరగడానికి లువాజ్ అనే తెల్లని వ్యానులున్నాయి, ఎర్ర చార ఉన్నవి దూరపు ఊళ్ళకు వెళ్తాయి. వాటికి వేళలుండవు, సీట్లు నిండితే కదులుతాయి.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం కెబిలీ నుంచి తోజూర్‌కు వెళ్ళే దారి. చోట్ ఎల్ జెరీద్ అనే ఉప్పు సరస్సు మీదుగా కట్ట పోసి వేసిన రోడ్డు అది. రెండు వైపులా కనుచూపు మేర తెల్లగా, అక్కడక్కడ గులాబీ రంగుగా ఉప్పు మెరుస్తుంటుంది. నేను వెళ్ళినదీ ఫిబ్రవరిలోనే. వేసవిలో ఎండి గట్టిపడే ఆ నేల చలికాలపు వానలకు లోపల నానిపోయి ఉంటుందని నాకప్పుడు తెలియదు. కారు ఆపించి, ఫోటో కోసం కట్ట దిగాను. ఇరవై అడుగుల దాకా నేల గట్టిగానే ఉంది, నన్ను మోసగించినది ఆ ఇరవై అడుగులే. తరవాతి అడుగుకు ఉప్పు పొర విరిగి ఎడమ కాలు మోకాలి దాకా దిగింది; దాన్ని లాగబోతే కుడి కాలు ఇంకా లోతుకు పోయింది. బురద చల్లగా, నల్లగా ఉంది. నాకంటే వయసులో పెద్దవాడైన డ్రైవరు కట్ట మీదనుంచి కేకవేసి, బోర్లా పడుకోమని చేతులతో సైగ చేసి, తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి విసిరాడు. దాన్ని పట్టుకుని పాక్కుంటూ బయటపడ్డాను. ఒక బూటు ఇప్పటికీ అక్కడే ఉంది. ఆయన ఒక్క మాట అనకుండా, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళతో నా కాళ్ళు కడిగాడు.

అప్పటికి మీ అన్నయ్యకు ఆరు నెలలు. నేను ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నానో మీ పెద్దమ్మకు చెప్పలేదు. ఆ బురదలో నాకు గుర్తుకు వచ్చినది అదే.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు గోదావరి లంకలో ఎవరు పిలుస్తున్నా వినకుండా కొంగ వెనక బురదలోకి వెళ్ళావు, నేనే ఎత్తుకొచ్చాను. ఆ అలవాటు నీకింకా పోలేదని నీ ఫోటోలు చూస్తే తెలుస్తూనే ఉంది. తల్లీ, అక్కడ నీ వెనకాల నేను ఉండను. కట్ట దిగవద్దు. కెబిలీలో బయలుదేరేటప్పుడు ఒక సందేశం, తోజూర్ చేరాక ఒక సందేశం నాకు పంపు. అర్ధరాత్రయినా మెలకువగానే ఉంటాను. తోజూర్ బజారులో దెగ్లెత్ నూర్ ఖర్జూరాలు రెమ్మతో సహా అమ్ముతారు, మీ పెద్దమ్మకు ఒక రెమ్మ తీసుకురా. దూజ్ ఎడారిలో రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది కనుక ఆవిడ తన ఊలు శాలువా నీకోసం ఉతికి ఆరేసింది, ఆదివారం వచ్చి తీసుకుని వెళ్ళు.

ఆశీస్సులతో,
పెదనాన్న