పాత బట్టలతో టోపీ తాత కార్పెట్: మిషన్ సంగతి తర్వాత, ముందు ఎర్రగుడ్డ ఉతకండి

పిల్లల గదికి పాత బట్టలతో గ్నోమ్, అంటే కుచ్చుటోపీ పెట్టుకున్న పొట్టి తాత బొమ్మ ఉన్న కార్పెట్ కుట్టాలని ఉంది, ఇంట్లో ఉండే మామూలు కుట్టుమిషన్ మీద అవుతుందా అని అడిగారు. అవుతుంది. మాది అనంతపురం. పోయిన ఎండాకాలం మా మనవరాలి కోసం రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవుతో ఒకటి కుట్టాను.

మా అమ్మాయి వాళ్ళు స్వీడన్‌లో ఉంటారు. అక్కడ ఈ పొట్టి తాతను తొమ్తె అంటారట. బూడిదరంగు అంగీ, ఎర్ర కుచ్చుటోపీ, కడుపు దాకా తెల్లగడ్డం. రైతు ఇంటినీ గొడ్లనూ కాపాడతాడనీ, క్రిస్మస్ ముందు రాత్రి వెన్న వేసిన జావ పెట్టకపోతే అలుగుతాడనీ పిల్ల చెప్పింది. నాకేం వింతగా అనిపించలేదు. గొడ్లను చల్లగా చూడమని మనం సుంకులమ్మకు బువ్వ పెట్టడం లేదా? "అవ్వా, నాకు టోపీ తాతను కుట్టివ్వు" అంటే సరే అన్నాను.

వీడియోలు చూస్తే ఫెల్ట్ షీట్ కొను, గమ్ము కొను, అది కొను, ఇది కొను అనే చెప్తారు. ఏదీ అక్కర్లేదు. ఇది మన బొంతే, మీద బొమ్మ ఉంటుంది అంతే. బొంత కుట్టే చేతులు ప్రతి ఇంట్లో ఉండేవి. ఇప్పుడు మెత్తటి నూలు చీరలన్నీ స్టీలు గిన్నెల బండివాడికి ఇచ్చేసి, మళ్ళీ వందలు పోసి ప్లాస్టిక్ డోర్‌మ్యాట్లు కొంటున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది.

పైపొరకు రాయదుర్గం జీన్స్ ముక్కలు వాడాను. ఆ ఊళ్ళో జీన్స్ కుట్టే షెడ్లు చాలా ఉన్నాయి, అక్కడుండే మా చెల్లెలు ఒక సంచి నిండా పంపింది. నడిమి పొరకు మా అమ్మ ఇచ్చిన ఎమ్మిగనూరు దుప్పటి. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సంఘం వాళ్ళ దుప్పటి అది. అంచులు అరిగాయి కానీ మధ్యలో ఒక్క చిరుగు లేదు. అడుగుకు మొదట గోనెసంచి వేశాను. వేయకండి. పీచు రాలుతుంది, తడిస్తే మోయలేరు, ఆరడానికి రెండు రోజులు. విప్పి పాత జంపఖానా వేశాను.

గడ్డానికి మా మామగారి పంచె తీశాను. ఆయన పోయి ఆరేళ్ళయింది. పెట్టెలో మిగిలిన ఒకే ఒక్క పంచె. సన్నటి పట్టీలుగా చింపి, పైకొసలు మాత్రం కుట్టి కింద వదిలేస్తే నిజం గడ్డంలాగే వేలాడింది. టోపీకి దుకాణంలో అరమీటరు ఎర్రగుడ్డ తెచ్చాను. రంగు గట్టిదమ్మా, పోదు అన్నాడు. నమ్మాను. ఉప్పునీళ్ళలో ఒక రాత్రి నానబెడితే చాలని అందరూ చెప్తే అదీ చేశాను. పదకొండు రోజులు కూర్చుని కుట్టి, మొదటిసారి ఉతికి దండెం మీద వేసి పోయాను. వచ్చి చూస్తే టోపీ కింద గడ్డమంతా గులాబీరంగు. నీళ్ళు కారిన దారి పొడుగునా చారలు. కాళ్ళు ఆడలేదు. ఇంకో పంచె ఎక్కడుంది తేవడానికి?

మా అత్తకు ఎనభై దాటాయి. కర్ర పట్టుకుని దండెం దగ్గరికి వచ్చి, గడ్డం చేతిలోకి తీసుకుని చూసింది. "ఆయన పంచె ఎప్పుడు తెల్లగుండిందిలే" అనింది. మామగారికి ఆకువక్క అలవాటు. ప్రతి పంచె మీదా ఎర్రమరకలే, ప్రతి ఉతుకుకూ అత్త తిట్లే. ఆ గడ్డం నేను విప్పలేదు. అట్లాగే ఉంచాను.

మీరు మాత్రం ఎర్రగుడ్డను విడిగా ఉతుకుతూనే ఉండండి. తడిగా ఉన్నప్పుడు తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి, రంగు అంటకుండా ఉంటేనే కత్తెర పెట్టండి. ఉప్పును నమ్ముకోవద్దు. కొత్త నూలుగుడ్డ ఏదైనా ఉతికాకే కత్తిరించాలి, లేకపోతే తర్వాత కుదించుకుని బొమ్మ ముడతలు పడుతుంది.

ఇక మిషన్. నాది కాలితో తొక్కేది. జీన్స్‌కు 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచుకోండి. బొమ్మ ముక్కల అంచులు పావు అంగుళం లోపలికి మడిచి కుడితే జిగ్‌జాగ్ లేకపోయినా పోగులు రావు. మూడు పొరలూ కదలకుండా ముందు కచ్చా కుట్టు వేయండి. టోపీ అంచు దగ్గర మడతలు ఎక్కువ, అక్కడ తొక్కకండి, చక్రం చేత్తో తిప్పండి. నాకు రెండు సూదులు విరిగింది అక్కడే. పొరలన్నీ కలిపే కుట్లు మాత్రం చేత్తో, బొంతకు వేసినట్టు వరసలుగా వేశాను. మిషన్ కుట్టుకు ఆ మెత్తదనం రాదు.

ఇంకో మాట, మా ఇంట్లో తాడిపత్రి బండలు. పాలిష్ బండ మీద కార్పెట్ జారితే పిల్లలు పడతారు. పాత సైకిల్ ట్యూబు చీల్చి, నాలుగు పట్టీలు అడుగున దబ్బనంతో కుట్టాను. ఇప్పుడు అది స్వీడన్‌లో పిల్ల మంచం పక్కన ఉంది. మొన్న వీడియో కాల్‌లో చూపించింది, గడ్డం జడ అల్లి రబ్బరుబ్యాండు వేసింది.