చెల్లి పెళ్లికి ముందు ఆకుల లెక్క వెయ్యి

చి. రవికి,

అత్త ఆశీర్వదించి రాయునది. నీ ఫోను వచ్చినప్పటి నుంచీ బుర్రలో ఇదే తిరుగుతోంది. ఫోనులో చెబితే సగం జారిపోతుంది, మీ అమ్మకి, అదే మా వదినకి కూడా చదివి వినిపించాలి కదా, అందుకే రాస్తున్నాను.

చేతిలో ఆరు లక్షలున్నాయి, సుజాత పెళ్లి అందులోనే అయిపోవాలి, అప్పు జోలికి వెళ్లకూడదు అన్నావు. అవుతుంది. బాగా అవుతుంది కూడా. మన వైపు ఎన్ని పెళ్లిళ్లకి దగ్గరుండి పనులు చూశానో నీకు తెలుసు. మీ నాన్న, మా అన్నయ్య ఉంటే ఇవన్నీ తనే చూసుకునేవాడు. ఇప్పుడు ఇంటికి పెద్దకొడుకువి నువ్వే కాబట్టి నీకు చెబుతున్నాను.

ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతి ఇంట్లోనూ ముందు కోత పడేది పెళ్లికూతురి చీర మీద, పూల మీద, సన్నాయి మేళం మీద. అవి తగ్గిస్తే మిగిలేది వేలు. పిల్ల మనసు మాత్రం చిన్నబోతుంది. లక్షలు పోయేది ఆకుల దగ్గర. మనిషి ఒకడే అయినా పూట పూటకీ ఆకు వెయ్యాలి. కాబట్టి ఎంతమందిని పిలుస్తున్నాం అని కాదు, అన్ని పూటలకీ కలిపి ఎన్ని ఆకులు లేస్తాయో లెక్క వెయ్యి.

మీరు అనుకుంటున్నట్టు రాత్రి ముహూర్తం పెట్టుకుంటే చూడు. ముందు రోజు పెళ్లికూతుర్ని చేసినప్పుడు భోజనాలు 180. పెళ్లినాడు సాయంత్రం టిఫిన్లు 150. రాత్రి భోజనాలు 400. తెల్లారి టిఫిన్లు 120. ఆ రోజే వ్రతం భోజనాలు 150. మొత్తం వెయ్యి ఆకులు. టిఫినుకి తక్కువ, భోజనానికి ఎక్కువ పడుతుంది. సగటున ఆకుకి 250 రూపాయలు వేసుకున్నా రెండున్నర లక్షలు అక్కడే అయిపోయాయి. పైగా రాత్రి పెళ్లంటే మగపెళ్లివారికి విడిది, పడుకోవడానికి గదులు, లైటింగు, జనరేటరుకి డీజిలు, అవన్నీ వేరే.

అదే పొద్దున పదింటికో పదకొండింటికో పగటి ముహూర్తం అయితే? ముందు రోజు ఇంటివరకే 40 ఆకులు. పొద్దున టిఫిన్లు 120. మధ్యాహ్నం భోజనాలు 250. అందరూ సాయంత్రానికి ఎవరిళ్లకి వాళ్లు చేరిపోతారు. వ్రతం అన్నవరం కొండ మీద చేయించండి. కొత్త దంపతులు అక్కడికి వెళ్లి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకోవడం మనకి ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీయే, ఎవరూ తప్పుపట్టరు. ఇద్దరితోపాటు పెద్దవాళ్లు ఒక కారులో వెళ్లొస్తే చాలు. ఇప్పుడు ఆకులు 410. అదే 250 చొప్పున లక్షా రెండువేల అయిదొందలు. పిల్లకి ఏదీ తగ్గించకుండానే దాదాపు లక్షన్నర మిగిలింది చూశావా?

కాబట్టి పంతులుగారి దగ్గరికి వెళ్లినప్పుడు ‘మంచి ముహూర్తం చూడండి’ అని ఊరుకోకు. ‘పగటి లగ్నం కావాలండీ, ఇద్దరికీ తారాబలం, చంద్రబలం కుదిరినవి నాలుగు తేదీలు రాసివ్వండి’ అని అడుగు. ఊరంతా ఒకే తేదీ మీద పడిన రోజున మండపం దొరకదు, దొరికినా అడిగినంత ఇవ్వాలి. వంట మేస్త్రీ మూడు పెళ్లిళ్లు ఒప్పుకుని మన దగ్గరికి కుర్రాళ్లని పంపిస్తాడు. పూల ధర కూడా ఆ రోజు చుక్కలనంటుతుంది. పంతులుగారు రాసిచ్చిన నాలుగింటిలో బుధవారమో గురువారమో పడిన తేదీ తీసుకో. సెలవు రోజు కాకపోతే జనం రారేమో అని వదిన బెంగపడుతుంది. రావలసినవాళ్లు వస్తారు, నువ్వు ధైర్యంగా ఉండు.

మనుషుల పట్టీ ఒక్కడివే రాయకు. వదిన, సుజాత, నువ్వు ముగ్గురూ కూర్చుని రాయండి. సుజాతకి కష్టంలో తోడున్న స్నేహితురాళ్లు, అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు అన్నం క్యారేజీలు పంపినవాళ్లు, అయినవాళ్లు, ఇరుగుపొరుగు. వీళ్ల పేర్లు ముందు రాయాలి. ‘వాళ్లు మనల్ని పిలిచారు కాబట్టి’ అని రాసే పేర్లు ఆఖర్న వెయ్యండి, మగపెళ్లివారితో కలిపి 250 దగ్గర గీత గీసెయ్యండి. శుభలేఖలు వంద అచ్చు వేయిస్తే చాలు. పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి బొట్టు పెట్టి ఇవ్వండి. మిగతావాళ్లకి వాట్సాప్‌లో పంపినా సరే, కానీ పంపిన రోజే ఫోను చేసి నోరారా పిలవాలి. ఆ ఒక్క ఫోనుకి ఎంత విలువుందో నేను చూశాను.

ఇక అసలు కష్టమైన పని, వియ్యాలవారితో మాట్లాడటం. చాలా ఇళ్లలో దీన్ని చివరిదాకా నాన్చి, మొహమాటపడి, పెళ్లి వారంలో అప్పుకి పరుగెత్తుతారు. నువ్వు తాంబూలాలు పుచ్చుకోక ముందే మాట్లాడు. మధ్యవర్తి చేత చెప్పించకు. నువ్వూ, వదినా, మన బాబాయి కలిసి వెళ్లి పెళ్లికొడుకు నాన్నగారితో ఉన్నమాట చెప్పండి: ‘మాకున్న శక్తి ఇంత, అప్పు చెయ్యదలచుకోలేదు, పెళ్లి పగలు పెట్టుకుందాం, మీ వైపు నుంచి వందమంది అనుకుంటున్నాం.’ ఆయన అబ్బాయి కూడా ఉద్యోగస్తుడే, చదువుకున్నవాడే. ఖర్చు చెరిసగం వేసుకుందామని అడగడంలో తప్పేమీ లేదు. అడిగితే చిన్నబుచ్చుకునే సంబంధమైతే అది ఇప్పుడే తెలియడం మంచిది. కట్నం ఊసెత్తితే మాత్రం లేచి వచ్చెయ్యండి. 1961 నుంచీ చట్టం ఉంది, తీసుకున్నవాళ్లదే కాదు, ఇచ్చినవాళ్లదీ నేరమే. ఇది నేను కోపంతో రాయడం లేదు రవీ. సుజాత జీవితం గురించి రాస్తున్నాను.

కట్నం వద్దన్నవాళ్లు కూడా లాంఛనాలన్న పేరుతో అడుగుతారు. ఆడపడుచు లాంఛనం, అత్తగారి లాంఛనం, పెట్టుపోతలు. మన గోదావరి వైపు బట్టలు పెట్టడం ఒక పట్టాన తెగదు. పెదనాన్నగారి రెండో కోడలికి, ఆవిడ చెల్లెలికి అంటూ యాభై చీరలు అవుతాయి. ఆ చీరలు కట్టుకున్నవాళ్లని నేను చూడలేదు, బీరువాలో పెట్టి ఇంకో పెళ్లిలో ఇంకొకరికి పెడతారు. రెండు వైపులా ఒప్పందం చేసుకోండి: అత్తమామలు, నాయనమ్మ, ఆడపడుచు, తోటి పెళ్లికూతురు, తోటి పెళ్లికొడుకు. వీళ్లకి మంచివి పెట్టండి. మిగతావాళ్లకి అటు ఇవ్వక్కర్లేదు, ఇటు తీసుకోవక్కర్లేదు. సారె కూడా అంతే. వీధంతా చూసేలా కావిళ్లు పెట్టక్కర్లేదు. సున్నుండలు, జంతికలు, అరిసెలు ఇంట్లో చేసుకుందాం.

వంట సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది డబ్బు కనపడకుండా కారిపోతుంది. క్యాటరింగువాళ్లకి ఆకుకి ఇంత అని ఇచ్చేస్తే టెన్షన్ ఉండదు, నిజమే. కానీ ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే సరుకులు మనం తెచ్చి, మేస్త్రీకి కూలి మాట్లాడుకోవడమే లాభం. మనిషిని నేనున్నాను. మేస్త్రీ రాసే పట్టీ ఎప్పుడూ ఒకటికి ఒకటిన్నర ఉంటుంది. దొంగతనం అని కాదు, తక్కువైతే తనకి మాట వస్తుందని అతని భయం. బూరెలు, పులిహోర, కూరలు అన్నీ ఉన్న విందులో వందమందికి బియ్యం 12 నుంచి 15 కిలోలు చాలు. పాతిక రాసిస్తే ఎందుకని అడుగు. కిరాణా కొట్టువాడితో ముందే మాట్లాడుకో, విప్పని ప్యాకెట్లు, మూత తియ్యని నూనె డబ్బాలు వెనక్కి తీసుకోవాలని. బిల్లు మీద ఆ మాట రాయించు.

తెచ్చిన సరుకంతా ఒక గదిలో పెట్టి ఉగ్రాణం చెయ్యాలి. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. నెయ్యి, జీడిపప్పు, యాలకులు, నూనె మాత్రం కొలిచి ఇవ్వాలి. పొయ్యి దగ్గర డబ్బా తెరిచి పెట్టేస్తే మూడు వంతులు పోతుంది. వంటవాళ్లకి మాత్రం టీలు, టిఫిన్లు వేళకి అందాలి. వాళ్ల కూలి సాయంత్రం దాకా తిప్పుకోకుండా చేతిలో పెట్టెయ్యాలి. అది మన ఇంటి మర్యాద.

వంటకాలు ఎక్కువ పెట్టి గొప్పనిపించుకోవాలనుకోకు. ముప్ఫై రకాలు పెట్టిన చోట ఆకుల్లో పారేసిన అన్నం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పూర్ణం బూరెలు, అందులోకి నెయ్యి, పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, ఒక వేపుడు, ముక్కల పులుసు, అప్పడం, గడ్డపెరుగు, చివర్న అరటిపండు, కిళ్లీ. దొరికే కాలమైతే ఆవపెట్టిన పనసపొట్టు కూర కూడా వేద్దాం. బంతి వేసి మన పిల్లలే వడ్డిస్తే ఎవరికి ఏం కావాలో అడిగి వేస్తారు, వృథా తక్కువ, వచ్చినవాళ్లకి ఆదరణ ఎక్కువ. అరటాకులు, గెలలు రావులపాలెం నుంచి తెప్పించు. బంతి, చామంతి పూలు ముందురోజు కడియపులంక మార్కెట్లో కిలోల లెక్కన కొంటే డెకరేషన్ వాడు అడిగేదాంట్లో సగం కూడా అవదు. మామిడాకులు, అరటిచెట్లు మన చేలోవి ఉన్నాయి. కట్టడానికి నీ స్నేహితులు చాలరూ?

బంగారం కొత్తగా కొనాలని పట్టుపట్టొద్దు. మంగళసూత్రానికి మన వైపు బొట్టు ఒకటి ఎలాగూ చేయించాలి, రెండోది అత్తింటివాళ్లు తెస్తారు. వదిన నల్లపూసలు, గాజులు సుజాతకి అలాగే ఇచ్చెయ్యండి. కరిగించి కొత్త మోడలు చేయించితే తరుగు, మజూరీ, పన్ను కట్టి చేతికి తక్కువ బంగారం తెచ్చుకోవడమే. రాళ్ల నగ అసలు వద్దు, అమ్మే రోజున రాళ్ల బరువు తీసేస్తారు. ఏదైనా కొంటే హాల్‌మార్క్ పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబరు చూసుకో. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద అది ఉండి తీరాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే స్వచ్ఛత ఎంతో చూపిస్తుంది. ఫొటోల కోసం వడ్డాణం, వంకీలు కావాలంటే అద్దెకి తెచ్చుకోండి.

చీర దగ్గర మాత్రం సుజాత మాటే వినండి. తాళి కట్టే వేళకి ఎలాగూ మధుపర్కాలే కట్టుకుంటుంది. అవి మంగళగిరి నేతవి తీసుకోండి, తరవాత కూడా కట్టుకోవచ్చు. సంగీత్, ప్రీ వెడ్డింగ్ షూట్, డ్రోను ఇవేవీ మన పెళ్లిలో భాగం కావు. పసుపు కొట్టడం, రాట వెయ్యడం, గౌరీపూజ, కాశీయాత్ర, తలంబ్రాలు, అప్పగింతలు ఉన్నాయి. వీటిలో దేనికీ పెద్ద డబ్బు అక్కర్లేదు, తీరిక కావాలి. తొందర పెట్టకుండా పంతులుగారిచేత పూర్తిగా చేయించండి.

వియ్యాలవారు ఒప్పుకుంటే గుళ్లో పెళ్లి ఇంకా తేలిక. ద్వారకా తిరుమల మనకి దగ్గరే. ఇరువైపులా పాతికమందితో సరిపెట్టుకుంటాం అంటే తిరుమల కొండ మీద పాపవినాశనం దారిలో దేవస్థానం వాళ్ల కల్యాణవేదిక ఉంది. 2016 నుంచి అక్కడ ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తున్నారు. పురోహితుడు, మంగళవాద్యాలు, పసుపు, కుంకుమ, కంకణాలు వాళ్లవే. ఆన్‌లైన్లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, ఇద్దరి తల్లిదండ్రులూ రావాలి. అన్నయ్య విషయంలో ఏ కాగితం చూపాలో ముందే కనుక్కో. ఎక్కడ చేసినా శుభలేఖ, ఫొటోలు, వయసు ధ్రువపత్రాలు పట్టుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి రిజిస్టరు చేయించడం మరవకండి. రేపు పాస్‌పోర్టుకీ దేనికీ తిరగక్కర్లేదు.

ఎవరైనా ‘మూడు లక్షలు సర్దుతాం, ఘనంగా చెయ్యి’ అంటే వద్దని చెప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి ఆరువేలు, ఏడాదికి 72 వేలు. నీ జీతంలో ఆరువేలు పోతే వదిన మందులు ఎలా కొంటావు? చదివింపులొస్తాయి, వాటితో తీర్చొచ్చు అని కూడా లెక్క వెయ్యకు. అవి పుస్తకంలో పేరు పేరునా రాసుకుని వాళ్ల ఇళ్లలో శుభకార్యానికి తిరిగి పెట్టవలసిన డబ్బు. వచ్చింది వచ్చినట్టు సుజాత పేర బ్యాంకులో వేసెయ్యి.

ఆరు లక్షల్లో అరవై వేలు ముందే తీసి వదిన చేతికిచ్చి పక్కన పెట్టించు. పెళ్లి వారంలో అనుకోని ఖర్చు ఏదో ఒకటి వస్తుంది, దానికి తప్ప ముట్టుకోవద్దు.

ఈ ఆదివారం వియ్యాలవారింటికి వెళ్లి రండి. వాళ్లు ఏమన్నారో రాత్రికి ఫోను చెయ్యి. ముహూర్తం తేదీలు రాగానే మేస్త్రీతో నేను మాట్లాడతాను, మన ఊరి అతనే, మాట మీద ఉంటాడు. సారెకి సున్నుండలు, జంతికలు నావి. అరిసెలకి పాకం చూడటానికి మీ పిన్నిని వారం ముందే రమ్మన్నానని చెప్పు.

వదినని, సుజాతని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త