పిల్లర్ తవ్వే మనిషి: ఓ యువ రచయిత్రికి లేఖ

అమ్మా,

నీ కథ చదివాను. మెడిసిన్ కోసం కిర్గిజ్‌స్తాన్ వెళ్లిన మన పిల్లలు చాలామందే ఉన్నారు. ఓష్‌లో చదువుకుంటూ నువ్వు అక్కడి కొండల్లో బొగ్గు తవ్వుకునే మనుషుల్ని పట్టించుకున్నందుకు ఎంతో సంతోషపడ్డాను. అయితే మొదటి పేజీలోనే గని కూలిపోయి మనిషి చనిపోయాడు. బతికున్నన్నాళ్లూ అతను ఏం చేసేవాడో నాకు తెలియనేలేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

అసలు ఆ బొరియలోకి ఎందుకు దూరాడో చెప్పాలి కదా. అక్కడి సులుక్తా ఊళ్లో బొగ్గు తవ్వకం 1868లోనే మొదలైంది. మా ఇల్లెందు దగ్గర సింగరేణి మొదలైంది 1889లో. సోవియట్ కాలంలో మధ్య ఆసియాకంతటికీ కిర్గిజ్ బొగ్గే వేడి అని చెప్పుకునేవారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ప్రభుత్వ గనులు చాలా మూతపడ్డాయి. కోక్-యాంగాక్ లాంటి ఊళ్లు గనిని నమ్ముకునే పెరిగాయి. జీతాలు ఆగిపోయినా చలి ఆగదు. ఆ దేశంలో పుట్టే కరెంటు తొంభై శాతం దాకా నీటిదే. తొక్తోగుల్ జలాశయంలో మట్టం పడిపోయిన చలికాలం కోతలు తప్పవు. అందుకే చాలా ఇళ్లలో బొగ్గు పొయ్యిలు.

ఇక పని సంగతి. భూగర్భ గనిలో బొగ్గంతా ఒకేసారి తీయరు. కప్పు కూలకుండా మధ్యమధ్య కొంత బొగ్గును నిలబెట్టి వదిలేస్తారు. మా బొగ్గు బాయిల్లో వాటిని పిల్లర్లంటాం. తర్వాత వాటినీ తీస్తారు గానీ, దానికో లెక్క ఉంటుంది, సపోర్టులుంటాయి, కప్పు చప్పుడును చెవితోనే పసిగట్టే పాత సర్దార్లు, అంటే పని చూసే మేస్త్రీలు ఉంటారు. మూసేసిన గనిలోకి కొండ పక్క నుంచి దారి చేసుకుని దూరేవాడికి ఇవేవీ ఉండవు. అతనికి సులువుగా చేతికందేది ఆ పిల్లరే. తన నెత్తిమీది కప్పును మోస్తున్న బొగ్గునే తవ్వి గోతాల్లో నింపుకుంటాడు. ఆ సంగతి అతనికి నీకన్నా, నాకన్నా బాగా తెలుసు. ఇవాళ ఎంత తియ్యాలి, ఎంత వదలాలి అని రోజూ తనతో తనే బేరమాడుకుంటాడే, ఆ బేరం రాయి తల్లీ. ఒక పూట పనంతా రాయి. పారతో ఎలా వంగాడు, కప్పుకు ఆసరాగా దిమ్మ ఎక్కడ పెట్టాడు, గోతం బయటికి ఎలా ఈడ్చాడు. నలుపు మీద, చీకటి మీద నువ్వు రాసిన విశేషణాలన్నీ కొట్టెయ్.

నీ చదువు కూడా ఇక్కడ పనికొస్తుంది. మీథేన్ తేలిక, కప్పును అంటుకుని ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ బరువు, నేలబారున నిలుస్తుంది. ఫ్యాను లేని ఇరుకు బొరియలో మనిషికి పైనా కిందా ప్రమాదమే. అదే బొగ్గు ఇంటికొచ్చాక, రాత్రి పొయ్యి గొట్టం పొగను సరిగా లాగకపోతే కార్బన్ మోనాక్సైడ్ గదిలో నిండుతుంది. హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందని నువ్వు పరీక్షలో రాసే ఉంటావు. కథలో మాత్రం పాఠం చెప్పకు. పొద్దున్నే లేచి తలనొప్పి అంటూ కూలబడిన పిల్లను చూపిస్తే చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, నువ్వు ఆ బొరియల్లోకి దిగొద్దు. ఎంత గొప్ప కథైనా అంత విలువ చెయ్యదు. నువ్వుండేది బొగ్గు మండే వైపు, అక్కణ్ణుంచే మొదలుపెట్టు. బజార్లో గోతం ఎంత బరువు తూగుతుంది, ధర ఎవరు కడతారు, పొడి ఎక్కువుంటే ఎంత కోస్తారు, లారీ ఎవరిది, తవ్వినవాడి చేతికి చివరికి ఎంత మిగులుతుంది అని అడుగు. చెప్పినవాళ్ల పేర్లు, ఊళ్లు మార్చెయ్. లైసెన్సు లేని తవ్వకం అది, నీ కథ వల్ల ఎవరి పొయ్యీ ఆరిపోకూడదు. రాజధాని బిష్కెక్ మీద చలికాలం కమ్మే పొగ గురించి కూడా రాశావు, మంచిదే. ఆ పొగలో ఎవరెవరి ఇళ్లున్నాయో కూడా రాయి.

తిరగరాశాక పంపు. గని కూలే ఘట్టం ఉంచాలా, తీసెయ్యాలా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
ఇల్లెందు నుంచి