సిస్టమ్ సపోర్ట్‌లో చేరబోతున్న మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సోమవారం నుంచి కాలేజీలో సిస్టమ్ సపోర్ట్ పనికి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ నీకు నేను నేర్పక్కర్లేదు, చదువుకున్నావు. లీలామహల్ సర్కిల్ దగ్గర షాపులో కూర్చుని ఇన్నేళ్లుగా చూస్తున్నది మాత్రం చెప్తా: స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు అడగాల్సినవి అడిగితే సగం పని అయిపోతుంది.

"సిస్టమ్ పని చెయ్యడం లేదు" అని ఫోన్ చేస్తారు. ఆ మాట పట్టుకుని లేచి పరిగెత్తొద్దు. తెర నల్లగా ఉన్నా, నెట్ రాకపోయినా, ప్రింటు పడకపోయినా అందరూ అనేది అదే. "ఇప్పుడు స్క్రీన్ మీద ఏముందో చదవండి సార్" అను. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని అడుగు. ఏమీ మారలేదంటారు. కాస్త ఓపిక పడితే, ఊడ్చేటప్పుడు టేబుల్ జరిపామనో, రాత్రి కరెంటు పోయొచ్చిందనో బయటికొస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో ఉరుములు మెరుపులు వచ్చిన మర్నాడైతే నెట్ కేబుల్ పీకి పెట్టారా లేదా కూడా అడుగు. ల్యాన్ పోర్టులు పోయేది అప్పుడే.

"ఆపి మళ్లీ ఆన్ చేశాం" అంటే ఎట్లా ఆపారో కనుక్కో. మానిటర్ స్విచ్ నొక్కి సిస్టమ్ ఆపామనేవాళ్లుంటారు, నవ్వొద్దు. సరిగ్గా షట్‌డౌన్ చేసినా చాలదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది కదా, విండోస్ గుండెకాయలాంటి కెర్నల్‌ని డిస్కులో దాచి, ఆన్ చేయగానే అదే పైకి తెస్తుంది. పాత తిప్పలూ దాంతోనే తిరిగొస్తాయి. రీస్టార్ట్ కొట్టించు.

ఏ సైట్ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటుంటే కింద మూల తేదీ చూడు. లోపలి గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి సిస్టమ్ ఏళ్ల వెనక్కి పోయుంటుంది, సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లు చెల్లవు. ఆ సీఆర్2032 సెల్ మారిస్తే సరి. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. ఇవి నీకు తెలిసినవే.

నీకు పుస్తకాల్లో దొరకనిది తెలుగు ఫైళ్ల గొడవ. ఆఫీసులో సర్క్యులర్లూ, ఆహ్వాన పత్రికలూ చాలావరకు అనూ ఫాంట్లలో ఉంటాయి. కొత్త సిస్టమ్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైందనో, వైరస్ అనో గగ్గోలు పెడతారు. "ఇది ఎక్కడ టైప్ చేయించారు?" అని ఒక్కమాట అడుగు. అక్కడి ఫాంట్ ఇక్కడ లేదు, అంతే. ఆ మాట అడక్కుండా ఫార్మాట్ కొట్టేసిన కుర్రాళ్లున్నారు.

ఫార్మాట్ అంటే గుర్తొచ్చింది. "డేటా ఏమైనా ఉందా?" అని అడిగితే లేదనేస్తారు. డెస్క్‌టాప్ మీద ఏముంది, డౌన్‌లోడ్స్‌లో ఏముంది, లెక్కలు రాసుకునే ట్యాలీ ఏ డ్రైవ్‌లో ఉంది, బ్రౌజర్‌లో పాస్‌వర్డులు దాచుకున్నారా, ఇట్లా విడివిడిగా అడగాలి. హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే మాత్రం ప్రశ్నలు తర్వాత, ముందు ఆపెయ్. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ కంటే ముందు లేచే బయోస్ సెట్టింగులు మార్చేముందు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూడు. 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుంటే ముట్టుకోవద్దు.

అడగకూడనిది ఒకటుంది, పాస్‌వర్డ్. వాళ్లనే టైప్ చేయమని నువ్వు పక్కకు తిరుగు. ఫోటోల ఫోల్డర్ కాపీ అయిందో లేదో సైజు చూస్తే తెలుస్తుంది, తెరవక్కర్లేదు. బ్యాంకు వాళ్లమని ఎవరో దూరం నుంచి సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ పెట్టించి డబ్బులు లాగేశారని ఎవరైనా వస్తే, ముందు నెట్ తీసేయించి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. తిట్లు వాళ్లింట్లో ఎటూ పడతాయి, నీ వంతు వద్దు.

షాపులో ఎస్ఎంపీఎస్ టెస్టర్, అదే పవర్ సప్లై చూసేది, ఒకటి ఎక్కువుంది. ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపో, అత్త దోసెలు పోస్తానంది.

ఇట్లు,
మామయ్య